మస్కట్ అక్క సర్దిన పెట్టెలు

ఆమె పోయిందన్న కబురు నాకు అరబ్బీలో వచ్చింది.

మస్కట్‌లో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో మధ్యాహ్నం డ్యూటీ ఎక్కి గంట కూడా కాలేదు. ఫోన్లో ఏదో తెలియని దేశం నంబరు. ఎత్తితే అవతల ఒక పెద్దావిడ గొంతు. మాట్లాడేది అరబ్బీయే గాని పుస్తకాల అరబ్బీ కాదు, వంటిళ్ళలో అంట్లు తోముతూ చెవులతో నేర్చుకున్నది.

"నర్సువి నువ్వేనా? రిపల్లె అక్క మనిషివి?"

"రేపల్లె," అన్నాను అలవాటుగా సరిదిద్దుతూ.

"పోయింది" అంది ఆవిడ. మన మాటలాగే ఆ మాటకీ రెండర్థాలున్నాయి. ఆవిడ ఏ అర్థంలో అందో గొంతును బట్టే తెలిసిపోయింది.

ఆ గొంతు శ్రీలంకలోని నెగొంబో నుంచి. మా మస్కట్ అక్క ఆ ఊళ్ళోనే, ఆవిడ ఇంట్లోనే చనిపోయింది. ఇంటి గోడ మీద అక్క నా నంబరు పెద్ద పెద్ద అంకెలతో రాసి పెట్టిందట. "ఏమన్నా అయితే ముందు దీనికి చెప్పు, దీనికి మన భాష వచ్చు" అందట. మన భాష అంటే వాళ్ళిద్దరి భాష, వంటింటి అరబ్బీ. ఒకరికి తెలుగు రాదు, ఇంకొకరికి సింహళం రాదు. ఆ అరకొర మాటలతోనే పదకొండేళ్ళు ఒక వంటింట్లో బతికారు.

ఫోన్ పెట్టేశాక నా కళ్ళ ముందుకు అక్క ముఖం రాలేదు, చెయ్యి వచ్చింది. నిండుగా కుక్కిన సూట్‌కేసుని గేదె నడుం మీద చరిచినట్టు చరిచి, "ముందు మొత్తం బయట పొయ్యండి" అనే ఆ చెయ్యి.

రేపల్లె స్టేషన్ దిగి ఊళ్ళోకి వచ్చే దారిలో ఆమె కుట్టుకొట్టు ఉండేది. కొట్టంటే ఇంటి వసారాకి తలుపులు పెట్టించి ఒక మిషను వేసుకుంది, అంతే. బోర్డు లేదు. జాకెట్లు, లంగాలు, చుడీదార్లు కుట్టేది. కాని ఆమె దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో చాలామంది పెట్టె సర్దించుకోవడానికే వచ్చేవాళ్ళు. కువైట్‌కో, దుబాయ్‌కో, మస్కట్‌కో పనికి వెళ్ళేవాళ్ళు, వెళితే మళ్ళీ మూడేళ్ళకో నాలుగేళ్ళకో గాని ఇంటి ముఖం చూడనివాళ్ళు. చేబ్రోలు అవతల నుంచి కూడా వచ్చేవారు. అక్క తనూ ఒకప్పుడు మస్కట్‌లో ఒక ఇంట్లో వంటమనిషిగా చేసి వచ్చింది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. పెద్దా చిన్నా అందరికీ మస్కట్ అక్కే. పాస్టరుగారు సైతం అలాగే పిలిచేవారు.

పెదాల మధ్య నాలుగైదు గుండుసూదులు పట్టుకుని, వాటి పక్కనుంచే మాట్లాడేది. కొత్తవాళ్ళకి సగం మాటలు అర్థమయ్యేవి కావు. రెండోసారి చెప్పమంటే కోపం. కుట్లు అరబ్బీలో లెక్కపెట్టేది. వీధికుక్క వసారాలోకి వస్తే దాన్నీ అరబ్బీలోనే తిట్టేది. యాభై దాటాక కూడా రేపల్లె వీధుల్లో సైకిలు తొక్కుకుంటూ బట్టల కొట్టుకి వెళ్ళేది, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, ఎవరు చూసి ఏమనుకుంటారోనన్న ధ్యాసే లేకుండా.

ఆమె సర్దే పద్ధతి తల్లులకి నచ్చేది కాదు. తెచ్చినదంతా చాప మీద పోయించేది. ఒక్కో వస్తువూ ఎత్తి, "ఇది ఎవరికోసం?" అనేది. సమాధానం బాగుంటే కుడిపక్క, లేకపోతే ఎడంపక్క. ఎడంపక్క కుప్పే ఎప్పుడూ పెద్దది. సగమయ్యాక ఒక్కదానికి మాత్రం తనే చోటు అడిగేది.

"పనికిరాని వస్తువు ఒకటి పెట్టుకో."

"పనికిరానిదా?"

"పనికొచ్చేవన్నీ అక్కడ దొరుకుతాయి. పనికిరానిదే దొరకదు."

ఆమె తీసుకెళ్ళింది సైకిలు బెల్లు. పన్నెండేళ్ళ వయసులో నాన్న వద్దంటున్నా దొంగచాటుగా సైకిలు నేర్చుకుందట. సైకిలు అమ్మేసేటప్పుడు బెల్లు ఊడదీసి దాచుకుంది. మస్కట్ ఇంట్లో రోజూ పొద్దున్న పొయ్యి వెలిగించే ముందు సామాన్ల గదిలో నిలబడి దాన్ని ఒకసారి ట్రింగుమనిపించేది. ఆ ఇంటి యజమానురాలు ఒకరోజు అదేంటని అడిగితే, "నేను దారిలో ఉన్నానని చెప్పడానికి" అందట. యజమానురాలికి ఏం అర్థమైందో తెలియదుగాని బెల్లు జోలికి మళ్ళీ రాలేదు.

ఇంకొకటి కూడా ఉండేది, అది విని మా ఊళ్ళ పెద్దవాళ్ళు నొచ్చుకునేవారు. గడప దాటేటప్పుడు ఎవరైనా "వెళ్ళొస్తా" అంటారు. "వెళ్తున్నా" అనడం అపశకునం. అక్క మాత్రం, "వెళ్తున్నా అని చెప్పు. ఇప్పటికి నీ చేతిలో ఉన్నది అదే. రావడం సంగతి వచ్చేటప్పుడు చూసుకో" అనేది. ఆ మాట నోటివెంట వచ్చేదాకా గేటు తియ్యనిచ్చేది కాదు. ఒక పెద్దావిడ ఆమె ముందే లెంపలు వేసుకుని, "అవేం మాటలమ్మా" అంది. "మీ మనవరాలు నిజం చెప్పి వెళ్తోందండి. ఆనందించండి," అంది అక్క, సూదుల పక్కనుంచే.

నేను మొదటిసారి ఆమె గుమ్మం తొక్కి ఏడేళ్ళయింది. మాది బాపట్ల. నర్సింగు చదివి, గుంటూరులో రెండేళ్ళు చేసి, మస్కట్‌లో ఉద్యోగం వచ్చిందని నేల మీద కాళ్ళు ఆనని రోజులు. ఆ ఉద్యోగం చూసింది మా అన్నయ్య, తెనాలిలో ఒక ఏజెంటు ద్వారా. నాన్న పోయాక ఇంట్లో కాగితాలన్నీ అన్నయ్య చేతి మీదే నడిచేవి. ప్రయాణం ఇంకా పదిరోజులు. ఇంట్లో వీడ్కోలు ప్రార్థన కూడా అయిపోయింది. అమ్మ రెండు పెద్ద సూట్‌కేసులు నింపి, అవి మూతపడక వాటి మీద నన్ను కూర్చోబెట్టింది. రేపల్లెలో ఎవరో సర్దిపెడతారట అని పిన్ని చెప్పడంతో, వాటిని బస్సులో వేసుకుని అమ్మ, అన్నయ్య, నేను ముగ్గురం వెళ్ళాం.

చాప మీద నా సంసారమంతా పరుచుకుంది. కందిపొడి, కారప్పొడి, గోంగూర పచ్చడి, కుక్కరు, ఆరు నైటీలు, అక్కడేదో పెళ్ళిళ్ళకి పిలుస్తారన్నట్టు రెండు పట్టుచీరలు, నాన్నగారి పెద్ద బైబిలు.

"చిన్న బైబిలు తీసుకెళ్ళు. దేవుడు అక్షరాల సైజు చూడడు," అని ముందు దాన్ని తీసి జాగ్రత్తగా అమ్మ ఒళ్ళో పెట్టింది. తర్వాత పచ్చడి సీసా ఎత్తింది.

"నాలుగు మెతుకులు నోటికి ఆనాలి కదమ్మా," అంది అమ్మ.

"వదినగారూ, ఇది పిల్ల ఆకలికి పెట్టింది కాదు. మీ బెంగకి పెట్టింది. మీ బెంగ మీ దగ్గరే ఉంచుకోండి. అది పిల్ల మోయలేదు."

అమ్మ ముఖం మాడింది. అక్క పట్టించుకోలేదు. నావైపు తిరిగి, "ఉద్యోగం కాగితం ఏది?" అంది.

అన్నయ్య సంచిలోంచి ఫైలు తీశాడు.

"నాక్కాదు, ఆ అమ్మాయికివ్వు బాబూ. నువ్వు చదివావా?"

"అన్నయ్య చదివాడండి," అన్నాను.

"విమానం ఎక్కేది అన్నయ్యా?"

సిగ్గేసింది. నాలుగేళ్ళు ఇంగ్లీషులో చదువుకున్నదాన్ని, నా ఉద్యోగం కాగితం నేను చదవలేదు. పైకి చదవమంది. చదివాను. నర్సు అనే ఉంది. ఆసుపత్రి అనే ఉంది. అన్నయ్య గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ కాగితం కింద వీసా నకలు ఇంకొకటి ఉంది, అదంతా అరబ్బీ.

అక్క దాన్ని తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు చూసింది. పెదాల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది. లోపలికి వెళ్ళి, అంచులు అరిగిపోయిన ఒక పాత కార్డు తెచ్చింది. మస్కట్‌లో ఉన్నన్నాళ్ళూ ఆమె దగ్గర ఉన్న గుర్తింపు కార్డు అది. కాగితం పక్కన పెట్టి, ఒకచోట వేలు ఆనించింది.

"నాకు అరబ్బీ చదవడం రాదమ్మా. కాని పదకొండేళ్ళు నా ఫోటో కింద ఈ మాటే ఉంది. దీని వంకరలన్నీ నాకు తెలుసు. నీ కాగితంలో చూడు, ఇక్కడ. అదే వంకర, అవే చుక్కలు."

రెండూ పక్కపక్కన చూశాను. ఒకే మాట.

"అంటే ఏంటండి?"

"ఇంటి పనిమనిషి."

అమ్మ అన్నయ్యని చూసింది. అన్నయ్య వీధిలోకి చూశాడు.

"అది అక్కడి ఫార్మాలిటీ అన్నాడు ఏజెంటు. దిగాక ఆసుపత్రివాళ్ళే మార్చుకుంటారని..."

"నీకు తెలుసా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. అన్నయ్య చెడ్డవాడు కాదు. చెల్లెలికి మంచి జరుగుతుందని తొందరపడి, ఎదుటివాడు చెప్పిందల్లా నమ్మాడు. కాని వెళ్ళాల్సిన నన్ను అడగాలని మాత్రం అతనికి తట్టలేదు.

అక్క ఎవరినీ తిట్టలేదు. తన సంగతి నాలుగు మాటల్లో చెప్పింది. అంతకు ముందుగాని తర్వాతగాని ఆ రోజుల గురించి నాతో అంతకన్నా ఎక్కువ మాట్లాడలేదు.

"దిగగానే ముందు పాస్‌పోర్టు తీసుకున్నారు. తర్వాత ఫోను. నా పెట్టె ఒక గదిలో పెట్టి తాళం వేశారు. మూడేళ్ళు నా చీరలు నేను చూళ్ళేదు. వంటింట్లో శ్రీలంక పిల్ల ఒకతి ఉండేది. తనకున్నవే మూడు గౌన్లు. రెండు నాకిచ్చింది." కార్డు కొంగుతో తుడిచింది. "నీ పాస్‌పోర్టు ఎక్కడుంది?"

ఏజెంటు దగ్గరుంది. నా చదువు సర్టిఫికెట్లు కూడా.

"పదండి," అంది. మిషను మీద గుడ్డ కప్పి, సగం కుట్టిన జాకెట్టు ఒకటి సంచిలో వేసుకుంది.

రేపల్లె రైల్లో తెనాలి వెళ్ళాం. దారిలో అక్క అమ్మకి నిమ్మకాయ సోడా ఇప్పించింది. ఏజెంటు ఆఫీసు ఒక మేడ మీద. గోడల నిండా విమానాల బొమ్మలు. అతను మమ్మల్ని చూసి లేచి, "ఏంటమ్మా, సర్దుకోవడం అయిందా?" అన్నాడు నవ్వుతూ.

నేను అక్క వైపు చూశాను. ఆమె కుర్చీ లాక్కుని గుమ్మానికి ఎదురుగా కూర్చుని జాకెట్టు బయటికి తీసింది.

"నా వైపెందుకు చూస్తావు? పాస్‌పోర్టు నాది కాదు. నీది. నువ్వడుగు."

అడిగాను. నత్తి నత్తిగా అడిగాను. అతను అదే చెప్పాడు, ఫార్మాలిటీ అని, అక్కడికి వెళ్ళాక మారిపోతుందని. పాస్‌పోర్టు చెన్నై పంపామన్నాడు. ఇప్పుడు ఆగితే మళ్ళీ ఇలాంటి అవకాశం రాదన్నాడు. అక్క తల ఎత్తకుండానే అంది.

"మారేదుంటే ఇక్కడే మార్పించయ్యా. నీ దగ్గర సిరా లేదా?"

"మధ్యలో నువ్వెవరు?"

"నేనా? ఆ మాటని పదకొండేళ్ళు మోసినదాన్ని."

"చెన్నైలో ఉంది అంటున్నాగా! వచ్చాక కబురు చేస్తా, వెళ్ళండి."

"వచ్చేదాకా కూర్చుంటాం. నాకు చేతిలో పనుంది."

నిజంగానే కూర్చుంది. జాకెట్టు చేతులకి అంచు కుట్టుకుంటూ, మెట్లెక్కి వచ్చిన ప్రతి ఆడమనిషినీ పలకరించడం మొదలుపెట్టింది. "రామ్మా. ఏ ఊరు? నందివెలుగా? ఏ పనికమ్మా? కాగితం చదివావా? అరబ్బీలో ఏముందో అడిగావా? అడుగు, అడుగు, ఆయన మంచాయనే, చెప్తాడు." గొంతు పెంచలేదు. పెళ్ళిలో విస్తళ్ళు వేసే పెద్దముత్తయిదువలా ఆప్యాయంగా అడిగింది. వచ్చినవాళ్ళు కూర్చోకుండా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరు, "మళ్ళీ వస్తామండి" అని దిగిపోయారు. ఇంకొకామె అక్క పక్కనే కుర్చీ వేసుకుని తన ఫైలు విప్పింది.

సాయంత్రానికి ఆఫీసులో కుర్చీలు చాలలేదు. అందరూ తమ తమ కాగితాలు పట్టుకుని ఉన్నారు. అతను అన్నయ్యని పక్కకి పిలిచి, "ఆవిణ్ణి తీసుకెళ్ళండి సార్" అని బతిమాలాడు. అప్పుడు అన్నయ్య, ఆఫీసులో అడుగుపెట్టినప్పటి నుంచి నోరు విప్పని మా అన్నయ్య, "ఆమె మా అక్క అండి. మా చెల్లెలు అడిగింది ఇచ్చేయండి" అన్నాడు.

చెన్నైలో ఉన్న పాస్‌పోర్టు అతని బల్ల సొరుగులోంచే వచ్చింది. సర్టిఫికెట్లు కూడా. ఒక్కొక్కటీ నాచేత చూపించి, సరిపోయాయనిపించాక గాని అక్క దారం తెంపలేదు. దిగేటప్పుడు ఆ ఫైలు విప్పినామె కూడా మా వెనకే వచ్చింది. అక్క ఆమెని రేపల్లె తీసుకెళ్ళిపోయింది. మేం బాపట్ల రైలెక్కాం.

ఇది విని నేను ఆ మర్నాటి నుంచి ధైర్యంగా తిరిగానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. బాపట్లలో ఆ నెలలు నరకం. వీడ్కోలు ప్రార్థన చేయించుకుని వెళ్ళని పిల్లగా మిగిలాను. ఆదివారం గుడి బయట చెప్పులు వేసుకుంటూ, "ఇంకా ఇక్కడే ఉన్నావా?" అనేవారు. అన్నయ్య నాతో అవసరానికి మించి మాట్లాడేవాడు కాదు. అతన్ని కుంగదీసింది నా మీద కోపం కాదు, తన మీద తనకే సిగ్గని నాకు తర్వాత తెలిసింది. అన్నయ్య రేపల్లె వెళ్ళి తెచ్చిన సూట్‌కేసులు ఖాళీగా హాల్లో అలాగే ఉండేవి. అమ్మ వాటి మీద ఇస్త్రీ బట్టలు పెట్టేది.

ఒక ఆదివారం ఉండబట్టలేక రేపల్లె వెళ్ళి అక్క ముందు ఏడ్చాను. "మీరు చూడకపోయినా బాగుండేది" అనేశాను కూడా. ఆమె మిషను ఆపలేదు.

"నీకు అక్కడి నర్సు పరీక్ష ఒకటుందటగా?"

"ఉంది."

"పుస్తకం ఉందా?"

"ఉంది."

"తెచ్చుకో వచ్చేవారం. నేను మిషను తొక్కుతా, నువ్వు చదువు. నీ ఏడుపు వినడం కన్నా మందుల పేర్లు వినడం నాకు సుఖం."

ఆ మాటకి కోపం వచ్చి, ఆ కోపంతోనే చదివాను. ప్రతి ఆదివారం ఆ వసారాలో పైకి చదివేదాన్ని. ఆమెకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా నేను తడబడితే మిషను ఆగేది. "ఏంటి, ఆగావు? రాదా? మళ్ళీ చదువు." అలా మళ్ళీ మళ్ళీ చదివి పరీక్ష ప్యాసయ్యాను. ఏజెంటు గడప తొక్కకుండా ప్రభుత్వ సంస్థ ద్వారా దరఖాస్తు పెట్టాను. ఎనిమిది నెలలకి కాగితం నా పేరు మీద వచ్చింది. మూడుసార్లు చదివాను. అరబ్బీ భాగం తెలిసినవాళ్ళ చేత చదివించి, ప్రతి మాటకీ అర్థం పక్కన పెన్సిలుతో రాసుకున్నాను. అప్పుడు అన్నయ్యకిచ్చి, "చదువు" అన్నాను. చదివి, "బాగుంది" అన్నాడు. చాలా రోజుల తర్వాత నా కళ్ళలోకి చూసి అన్న మాట అది.

ఈసారి ఒకటే సూట్‌కేసు. లంగా లోపలివైపు అక్క ఒక జేబు కుట్టింది, పాస్‌పోర్టు నకలు మడిచి పెట్టుకోవడానికి. ఇంటిదీ, అక్కడి మన ఎంబసీదీ రెండు ఫోను నంబర్లు కాగితం మీద ఉంటే చాలదని, బట్టీ పట్టించి నిద్రలో అడిగినా చెప్పేలా చేసింది. పనికిరాని వస్తువుగా నేను స్కూల్లో ఖోఖో ఆడేటప్పుడు వీపుకి కట్టుకున్న ఏడో నంబరు గుడ్డ పెట్టుకున్నాను. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పరిగెత్తేదానివా?" అంది. "అవునండి" అంటే తృప్తిగా కుడిపక్కన పెట్టింది.

బాపట్లలో ఆగని చెన్నై రైలు కోసం తెనాలి వెళ్ళాం. అక్క కూడా స్టేషన్‌కి వచ్చి, అక్కడ ఆఖరి పరీక్ష పెట్టింది. ఆమె దగ్గర సర్దించుకున్నవాళ్ళందరికీ ఆ పరీక్ష ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. ఎవరి పెట్టె వాళ్ళే మోసుకుని వంతెన ఎక్కి దిగాలి. ఇంకొకరి చెయ్యి పడకూడదు. అన్నయ్య చెయ్యి చాచితే ఆపేసింది.

"అక్కడ నువ్వుండవు కదా బాబూ."

మెట్ల మీద మూడుచోట్ల ఆగాను. జనం తోసుకుంటూ వెళ్తున్నారు. అమ్మ పక్కనే నడుస్తూ, ముట్టుకోకుండా ఉండడానికి చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది. అవతల ప్లాట్‌ఫారం మీద పెట్టె దించినప్పుడు నా అరచేతులు ఎర్రగా కందిపోయాయి. రైలు కదిలేముందు నేను "వెళ్తున్నా" అన్నాను. అమ్మ ఉలిక్కిపడి, కాసేపటికి తనూ "వెళ్ళు" అంది.

తర్వాత సెలవులకి వచ్చినప్పుడల్లా రేపల్లె వెళ్ళేదాన్ని. రెండేళ్ళ క్రితం వెళ్ళినప్పుడు అక్క చాప మీద ఉన్నది వేరెవరి బట్టలూ కావు, ఆమెవే. అప్పటికి గుండెకి స్టెంటు వేశారు. మెట్లెక్కొద్దన్నారు. అన్న కొడుకు ఒక్కడే దగ్గర బంధువు, ఆమెని బాగానే చూసుకునేవాడు. అతను గుమ్మంలో తల పట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వన్నా చెప్పమ్మా. నెగొంబో వెళ్తుందట. ఆరు నెలలట!"

వంటింట్లో తనకి రెండు గౌన్లు ఇచ్చిన స్నేహితురాలి దగ్గరికి. ఆవిడ మస్కట్ వదిలి సొంత ఊరు చేరి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. ఇద్దరూ ప్రతి శనివారం ఫోన్లో మాట్లాడుకునేవారు.

"డాక్టరు ఏమన్నాడక్కా?" అన్నాను.

"వద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడో చెప్పమన్నాను. దారిలో ఏమన్నా అవ్వచ్చు అన్నాడు. ఇంట్లో అవ్వదా అంటే, అవ్వచ్చు అన్నాడు. ఇంకేం, రెండూ ఒకటే అన్నమాట."

"పరాయి దేశం అత్తా," అన్నాడు అన్న కొడుకు. "అక్కడ నీకెవరున్నారు?"

అక్క చీర మడత పెడుతూ ఆగింది. ఆమెకి కోపం వస్తే గొంతు తగ్గేది.

"ఇన్నాళ్ళూ పని కోసం వెళ్ళేవాళ్ళకి పెట్టెలు సర్దాను. నేను వెళ్ళినప్పుడు కూడా పనికే వెళ్ళాను. పనికి వెళ్తే మీరంతా బస్టాండు దాకా వచ్చి సాగనంపుతారు. ఒక మనిషిని చూడ్డానికి వెళ్తానంటే మాత్రం నాకు మతి పోయిందంటారు. నేను వెళ్తున్నా. సర్దితే సర్దు, లేకపోతే జరుగు, అక్కడ నా చెప్పులున్నాయి."

అతను జరిగి, చెప్పులు తీసిచ్చాడు. ఏడుస్తూనే.

ఆ రోజు ఆమె పెట్టె నేను సర్దాను. ఒక్కోటీ ఎత్తి "ఇది ఎవరికోసం?" అన్నాను. మందులు తనకోసం. ఒక గౌను, తనే కుట్టిన లేత నీలం గౌను, ఆవిడ కోసం. దాని కిందే ఇంకొకటి, అచ్చం అలాంటిదే. "రెండు బాకీ," అంది.

తెనాలిలో వంతెన దగ్గర అన్న కొడుకు పెట్టె పట్టుకోబోయాడు. ఆమె చూసిన చూపుకి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెట్టె చిన్నదే. అయినా నాలుగు మెట్లకొకసారి ఆగింది. సగంలో మెట్టు మీద కూర్చుండిపోయింది. ముఖం నిండా చెమట. నర్సుని కదా, నాడి పట్టుకున్నాను. నాకు భయమేసింది.

"వద్దక్కా. వెనక్కి వెళ్దాం."

"ఆగమంటోంది, ఆగాను," అంది గుండె మీద చెయ్యి పెట్టుకుని. "వెనక్కి పొమ్మనలేదుగా."

పావుగంట కూర్చుంది. లేచి, కుచ్చెళ్ళు పైకి దోపుకుని మిగిలిన మెట్లు ఎక్కింది. నేను ఆమెని చూడడం అదే ఆఖరు.

వెళ్ళాక ఐదో నెలలో పోయింది. శవాన్ని తెప్పించాలని అన్న కొడుకు ఎంతో తపన పడ్డాడు. మధ్యలో మాట అటూ ఇటూ చేరవేసింది నేనే. కాని అక్క అక్కడి పాస్టరు ముందు కాగితం రాయించి వేలిముద్ర వేసి, సంతకం కూడా పెట్టింది. ఎక్కడ పోతే అక్కడే. నెగొంబోలో ఆవిడ కుటుంబం సమాధుల పక్కన పెట్టారు. రేపల్లెలో ఈ సంగతి చాలామందికి మింగుడు పడలేదు. దిక్కులేని చావన్నారు. కన్నవాళ్ళ పక్కన చోటు ఉండగా ఎక్కడో పరాయివాళ్ళ మధ్య అన్నారు. ఈ మాటలు మస్కట్‌లో నా చెవిన పడుతూనే ఉన్నాయి. సెలవు పెట్టి, పోయినవాళ్ళని తలుచుకుని ప్రార్థించే ఆదరణ కూడికకి వచ్చాను. బయల్దేరే ముందురోజు నెగొంబోకి ఫోన్ చేసి, అడగడానికి అప్పటిదాకా నోరు రానిది అడిగి తెలుసుకున్నాను.

కూడిక ఆమె వసారాలోనే పెట్టారు. మిషను గోడకి జరిపి కుర్చీలు వేశారు. పాటలయ్యాక సంఘపెద్ద ఒకాయన లేచాడు. మంచాయనే, మా అందరికీ గౌరవమే. "నా అన్నవాళ్ళు లేని చోట, ఒంటరిగా, పరాయి నేల మీద కన్నుమూసిన మన సహోదరి..." అని మొదలుపెట్టాడు.

నాకు సభల్లో మాట్లాడే అలవాటు లేదు. లేచి నిలబడ్డాక గాని లేచానని తెలియలేదు.

"ఒంటరిగా కాదయ్యగారూ," అన్నాను. "తను వెళ్ళాలనుకున్న ఇంటికి తన కాళ్ళ మీద వెళ్ళింది. తన ఈడు స్నేహితురాలి ఎదురుగా పోయింది. మన ఇళ్ళల్లో పోయినవాళ్ళలో ఎంతమందికి అలా జరిగిందో చెప్పండి."

ఆయన నొచ్చుకోలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అన్న కొడుకు అడిగాడు, మెల్లగా.

"చివరిసారి ఏమన్నదో ఆవిడ చెప్పిందా అమ్మా? వాక్యం ఏదన్నా... ప్రార్థన ఏదన్నా..."

అందరూ నావైపు తిరిగారు. ఏదైనా మంచి మాట కల్పించి చెప్పచ్చు. కాని ఆ వసారాలో నిలబడి అబద్ధం చెప్పడం నావల్ల కాలేదు.

"ఆ మధ్యాహ్నం చేపల పులుసు," అన్నాను. "ఆవిడ వండింది. చింతపండు చాల్లేదని, ఇన్నేళ్ళయినా నీకు పులుసు రాలేదని అక్క తిట్టిందట. తిట్టి, ఇంకో ముక్క వేయించుకుందట. తిని, చెయ్యి కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆవిడ కంచాలు తీసి వచ్చేసరికి పోయింది. అంతేనండి. అదే ఆఖరి మాట."

అన్న కొడుకు నోరు తెరిచి చూస్తున్నాడు. అప్పుడు వెనక వరసలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. అక్కడంతా కువైట్, దుబాయ్ వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు కూర్చున్నారు, ఒక్కొక్కరూ తమ పెట్టె ఆ చాప మీద విప్పించుకున్నవాళ్ళు. నవ్వినామె కొంగు నోట్లో కుక్కుకుంది గాని ఆగలేదు. పక్కామెకి అంటుకుంది. ఆ పక్కామెకి. కళ్ళ నీళ్ళు కారుతుండగా వరస వరసంతా నవ్వడం మొదలుపెట్టింది.

సంఘపెద్ద చేతిలో పుస్తకం మూసి, వాళ్ళ నవ్వు ఆగేదాకా నిలబడ్డాడు. చాలాసేపు నిలబడాల్సి వచ్చింది.